తాళంచెవి ఎవరి చేతిలో?

మన ఇళ్ళల్లో పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కరలేదు. తాళంచెవుల గుత్తి ఎవరి బొడ్లో ఉన్నదో చూస్తే చాలు. కోడలు కాపరానికి వచ్చి పదేళ్ళయినా, ఇద్దరు బిడ్డల తల్లి అయినా, ఆ గుత్తి అత్తగారి నడుముమీద గలగలలాడుతున్నంత కాలం ఇల్లు అత్తగారిదే. ఎప్పుడో ఒకనాడు, "ఇక నావల్ల కాదు, నువ్వే చూసుకో అమ్మా" అని ఆవిడ ఆ గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టిందంటే, అది తాళంచెవులు ఇవ్వటం కాదు, రాజ్యం అప్పగించటం. బియ్యపు కొట్టు, నేతి జాడీ, నగల పెట్టె అన్నీ ఆ కాసిని ఇనపముక్కల్లోనే ఉన్నాయి గదా!

అందుచేత తాళంచెవి రూపం మారుతున్నదంటే అది ఒక్క ఇనపసామాను కొట్టువాళ్ళ వ్యవహారం కాదు. పెత్తనం ఏ చేతిలోనుంచి ఏ చేతిలోకి పోతున్నదో మనం చూసుకోవలసిన వ్యవహారం. ఈ వారం హోటలు గది తాళంచెవి సంగతి చెప్పుకుందాం. ఆ తాళంచెవి ఇనుము వదిలి ప్లాస్టిక్కులోకి, ప్లాస్టిక్కు వదిలి ఇప్పుడు సెల్‌ఫోనులోకి వెళ్ళి కూర్చుంటున్నది. తలుపు ముందు నిలబడి ఫోను చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. వినటానికి భేతాళ కథలాగే ఉన్నది గాని, ఇది నిజం.

* * *

పూర్వం ప్రయాణమంటే సత్రమే. సత్రంలో గది ఇచ్చేవారు, చాపో, మంచమో ఇచ్చేవారు. చాలాచోట్ల తాళం కప్ప మాత్రం ఇచ్చేవారు కాదు. వెళ్ళేవాళ్ళే మరచెంబుతోపాటు, పరుపుచుట్టతోపాటు ఒక తాళం కప్పకూడా వెంట తీసుకువెళ్ళేవారు. ఈనాడు మనం దాన్ని సదుపాయం లేకపోవటం అనుకుంటాం. కాని ఒక్క విషయం గమనించండి. ఆ తాళం మనది, తాళంచెవి మనది. రెండో తాళంచెవి ఇంట్లో దేవుడి గూట్లో ఉండేదే గాని, సత్రం గుమాస్తా దగ్గర ఉండేది కాదు.

తరువాత లాడ్జీలు వచ్చాయి. తాళం వారిదే, తాళంచెవీ వారిదే. ఆ తాళంచెవికి అరచేతి వెడల్పున ఇత్తడి బిళ్ళో, రొట్టెలకర్రలో సగమంత చెక్కముక్కో తగిలించి ఇచ్చేవారు. అంత బరువు ఎందుకని చాలామందికి ఆశ్చర్యం. అందులోనే ఉన్నది తెలివి. జేబులో పట్టకూడదు, సంచీలో వేసుకుంటే బరువనిపించాలి. అప్పుడుగాని మనిషి దాన్ని కౌంటరు దగ్గర ఇచ్చి బయటకు వెళ్ళడు, మరచిపోయి రైలెక్కడు.

గుమాస్తా వెనక గోడకు కొక్కేల బోర్డు ఉండేది. కొక్కేనికి తాళంచెవి వేలాడుతుంటే మనిషి బయటికి వెళ్ళాడన్నమాట. లేకపోతే గదిలో ఉన్నాడన్నమాట. ఈ సమాచారం గుమాస్తాకు ఎంత పనికివస్తుందో, ఎదురుగా బల్లమీద కూర్చుని పేపరు చదువుతున్నట్లు నటించే దొంగగారికీ అంతే పనికివస్తుంది. పైగా బిళ్ళమీద గది నెంబరు అచ్చుగుద్దినట్లు ఉండేది. బజారులో ఎక్కడయినా పడిపోతే, దొరికినవాడికి తలుపుతోపాటు దారికూడా చూపించినట్లే.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఇంకొకటి. తాళంచెవి పోయిందని జరిమానా కట్టి వెళ్ళిన పెద్దమనిషి దాన్ని నిజంగా పోగొట్టుకున్నాడా, లేక జేబులో వేసుకుపోయాడా? నిన్న ఈ గదిలో దిగినవాడు దానికి నకలు చేయించలేదని ఎవరు చెప్పగలరు? తాళం మార్చాలంటే ఖర్చు. అందుచేత మార్చేవారు కారు. ఈ రాత్రి మీరు గడియపెట్టి పడుకున్న గదికి ఊళ్ళో ఎన్ని తాళంచెవులున్నాయో మీకూ తెలియదు, మేనేజరుకూ తెలియదు.

* * *

ఈ చిక్కు ఎంత ప్రమాదమో లోకానికి తెలియజెప్పినది 1974లో అమెరికాలో జరిగిన ఒక ఘోరం. కోనీ ఫ్రాన్సిస్ అనే గాయని పేరు అప్పటికే దేశదేశాల్లో తెలుసు. ఆ సంవత్సరం నవంబరులో న్యూయార్కు రాష్ట్రంలో ఒకచోట కచేరీ చేసి, ఆ రాత్రి హోటలు గదిలో నిద్రిస్తూండగా, ఒక దుర్మార్గుడు గదిలో జొరబడి, కత్తి చూపించి ఆమెను చెరిచాడు. గది తలుపుకు సరైన కట్టుదిట్టం లేకపోవటమే వాడికి దారి ఇచ్చింది. ఆమె ఊరుకోలేదు. హోటలు యాజమాన్యంమీద దావా వేసింది. 1976లో జ్యూరీ ఆమెకు 25 లక్షల డాలర్లు నష్టపరిహారంగా ఇవ్వాలని చెప్పింది. ఆ సొమ్ముతో ఆమె పోగొట్టుకున్నది తిరిగిరాలేదు. కాని అంతవరకు తాళాలు ఖర్చు అనుకుంటున్న హోటళ్ళవారికి, తాళం లేకపోవటం అంతకంటె పెద్ద ఖర్చు అని మొదటిసారి బోధపడింది.

ఈ వార్త సముద్రం దాటి నార్వే దేశంలో టోర్ సోర్నెస్ అనే ఆయన చెవిన పడింది. ఆయన తాళాలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాడు. వచ్చిన ప్రతి అతిథికీ ఒక కొత్త తాళంచెవి, ఆయన వెళ్ళిపోగానే అది చెల్లకుండా పోవాలి, ఇదీ ఆయన సంకల్పం. ఇనుముతో ఇది జరిగే పని కాదు. అందుకని ప్లాస్టిక్కు కార్డు తీసుకొని, అందులో 32 చోట్ల రంధ్రం వేయటమో, వేయకపోవటమో అనే పద్ధతి పెట్టాడు. లెక్కవేస్తే ఇలా 429 కోట్ల రకాల కార్డులు తయారవుతాయి. ఆనాటికి భూమిమీద ఉన్న జనాభాకు తలా ఒక తాళంచెవి చొప్పున పంచవచ్చునన్నమాట! అతిథి మారినప్పుడల్లా తాళాన్ని కొత్త కార్డుకు మార్చేయవచ్చు. పాతకార్డు జేబులో వేసుకుపోయినవాడు దానితో పళ్ళు కుట్టుకోవటానికికూడా పనికిరాదు.

చూశారా! పైకి ఇది సదుపాయం కోసం పుట్టిన వస్తువులాగా కనిపిస్తుంది. నిజానికి ఇది ఒంటరిగా పడుకున్న ఒక స్త్రీ రక్షణ కోసం పుట్టిన వస్తువు. ఈ సంగతి గుర్తుపెట్టుకొని ముందుకు వెళదాం.

తరువాత రంధ్రాల కార్డు పోయి అయస్కాంతపు పట్టీ కార్డు వచ్చింది. అది సెల్‌ఫోను పక్కనో, పర్సు అయస్కాంతం పక్కనో పెడితే ఒక్కోసారి చెరిగిపోయేది. నాలుగంతస్తులు ఎక్కి, కార్డు గీకి, ఎర్రదీపం చూసి, మళ్ళీ కిందికి దిగిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ తరువాత గీకనక్కరలేకుండా తాకిస్తే చాలే కార్డు వచ్చింది. అది తాళంతో రేడియో అలల ద్వారా మాట్లాడుతుంది. ఇంతవరకు వచ్చాక, అందరి చేతుల్లోనూ ఎల్లప్పుడూ ఉండే ఫోనుకే ఆ పని అప్పగిస్తే పోలేదా అన్న ఆలోచన రావటంలో వింతేమున్నది?

* * *

2010లో స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోమ్‌లో క్లారియన్ హోటలువారు కొద్దిమంది అతిథులకు ఫోన్లు ఇచ్చి ఈ ప్రయోగం చేసి చూశారు. 2014 నవంబరులో స్టార్‌వుడ్ అనే హోటళ్ళ సంస్థ పది హోటళ్ళలో దీన్ని అమలులోకి తెచ్చింది. 2015లో హిల్టన్‌వారు మొదలుపెట్టారు. 2021 డిసెంబరులో హయత్‌వారు, ఆపిల్ కంపెనీ కలిసి ఆరు హోటళ్ళలో ఐఫోనులోని వాలెట్‌లోనే గది తాళంచెవి ఉంచే ఏర్పాటు చేశారు. మధ్యలో 2020లో వచ్చిన కరోనా, ఎవరూ ఎవరి చేతివస్తువూ ముట్టుకోకూడదన్న భయంపెట్టి, ఈ పద్ధతిని మరికొంచెం ముందుకు తోసింది.

ఇది పనిచేసే విధానం చెబుతాను. హోటలువారి యాప్‌ను మీరు ముందే ఫోనులోకి దింపుకుంటారు. మీకు ఫలానా గది అని నిర్ణయమైన తరువాత, వారి కంప్యూటరు ఒక రహస్య సంకేతం తయారుచేసి ఇంటర్నెట్ ద్వారా మీ ఫోనుకు పంపుతుంది. ఏ గది, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు అన్నది అందులో ఇమిడి ఉంటుంది. మీరు తలుపు దగ్గరకు వెళ్ళినప్పుడు ఫోను బ్లూటూత్ ద్వారానో, తాకించే పద్ధతి ద్వారానో ఆ సంకేతాన్ని తాళానికి అందిస్తుంది. తాళం సరిచూసుకొని, లోపలి చిన్న మోటారును కదిలించి గడియ వదులుతుంది. ఆ తాళం సాధారణంగా బ్యాటరీలమీద నడుస్తుంది. కాబట్టి కరెంటు పోయినా తలుపు తెరుచుకుంటుంది.

లోపల చిక్కుకుపోతామేమో నన్న భయంకూడా కొందరికి ఉంటుంది. ఆ భయం అక్కరలేదు. ఇటువంటి తలుపులకు లోపలివైపు పిడి మామూలు పిడే. తిప్పితే తెరుచుకుంటుంది. దానికి ఫోనూ వద్దు, కార్డూ వద్దు. మంటలు లేచినప్పుడు జనం బయటపడాలి గనుక ఈ జాగ్రత్త తీసుకుంటారు.

లాభాలు లేవని ఎవరూ అనలేరు. అర్ధరాత్రి విమానం దిగి వచ్చి, కళ్ళు మూతలుపడుతూ కౌంటరు ముందు వరసలో నిలబడే శిక్ష తప్పుతుంది. కార్డు పోతే దొరికినవాడి పంట. ఫోను పోతే దానికి వేలిముద్ర తాళమో, అంకెల తాళమో ఇంకొకటి అడ్డం ఉంటుంది. గది మారిస్తే మళ్ళీ కిందికి దిగి రానక్కరలేదు, సంకేతం మారుస్తారు, అంతే. ప్లాస్టిక్కు చెత్తకూడా తగ్గుతుంది.

అయితే మన దేశంలో ఒక మాట ఉన్నది. వరసలో నిలబడటం తప్పుతుందని సంతోషించేలోపల, గుర్తింపుకార్డు చూపించమని కౌంటరుకు పిలుస్తారు. పేరూ, ఊరూ, వచ్చిన పనీ రిజిస్టరులో రాయించుకోవటం మన హోటళ్ళలో తప్పనిసరి. కాబట్టి తాళంచెవి ఆకాశమార్గాన వచ్చినా, మనం మాత్రం భూమార్గాన కౌంటరు దాకా నడవవలసిందే.

* * *

ఇక ఇబ్బందులు. ఇవి కొన్ని నవ్వు పుట్టించేవి, కొన్ని నవ్వకూడనివి.

తాళంచెవికి ఆకలి వెయ్యటం ఎన్నడయినా విన్నామా? ఈ తాళంచెవికి వేస్తుంది. రోజంతా ఊరు తిరిగి, ఫొటోలు తీసి, దారులు వెతికి, సాయంత్రానికి ఫోను కళ్ళు తేలవేసిందంటే మీరు వరండాలోనే. కొన్ని కొత్త ఫోన్లు చార్జింగు అయిపోయాకకూడా కొన్ని గంటలపాటు తాళంచెవిగా పనిచేసేటంత శక్తి దాచుకుంటాయి. అన్నీ అలా దాచుకోవు. చార్జరేమో గదిలో, గది తాళంచెవేమో చార్జింగు లేని ఫోనులో!

పోనీ గదిలోనే చార్జింగుకు పెట్టి, మంచినీళ్ళకని చెంబు పట్టుకొని బయటకు అడుగుపెట్టారనుకోండి. వెనక తలుపు దానంతట అదే పడిపోతుంది. ఇంట్లో వంటమనిషి కూడా ఇంత చులకనగా తలుపు వేయదు.

ఇంకొకటి. మన హోటళ్ళలో గదిలోకి వెళ్ళగానే తలుపు పక్కన గోడకు ఒక గూడు ఉంటుంది. కార్డు దానిలో గుచ్చితేనే దీపాలు, ఫానులు, ఏసీ పనిచేస్తాయి. కార్డు లేదు, ఫోనే తాళంచెవి అన్నప్పుడు ఆ గూట్లో ఏం పెట్టాలి? ఫోను పట్టదు. కొందరు తెలివైనవాళ్ళు ఏదో పాతకార్డు గుచ్చి వెలిగించుకుంటారు. తలుపు తీయటానికి కార్డు వద్దనీ, దీపం వెలిగించటానికి కార్డు కావాలనీ అంటే, పెళ్ళికి పల్లకీ పంపి, బోయీలను మీరే తెచ్చుకోండి అన్నట్లున్నది.

ఒక గదిలో భార్యాభర్తలు, పిల్లలు, మామగారు దిగారనుకోండి. తాళంచెవి ఒక్క అబ్బాయి ఫోనులో ఉన్నది. అబ్బాయి బయటకు వెళితే గది వెళ్ళిపోయినట్లే. కొన్ని హోటళ్ళు ఒక ఫోనునుంచి ఇంకొక ఫోనుకు తాళంచెవి పంచుకోనిస్తాయి. కాని మామగారి చేతిలో ఉన్నది బొత్తాముల ఫోను. ఆయనకు వచ్చేది ఫోను ఎత్తటం, పెట్టటం. ముప్పయ్యేళ్ళు ఆఫీసు బీరువా తాళాలు జాగ్రత్తగా కాపాడిన పెద్దమనిషి, డెబ్బయ్యోయేట తన గది తలుపు తాను తీసుకోలేక, మనమణ్ణి బతిమాలుకుంటూ నిలబడటం నవ్వవలసిన విషయం కాదు. కొత్త వస్తువు ఎంత గొప్పదయినా, అది లేనివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే హక్కు దానికి ఉండకూడదు.

* * *

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పై ఊళ్ళకు ఉద్యోగంమీద వెళ్ళే అమ్మాయిల తల్లులు అడిగే ప్రశ్న ఇది. "మా అమ్మాయి ఒక్కతే వెళుతుంది. హోటలులో తాళంచెవి ఇవ్వరట, ఫోనులోనే వస్తుందట. ఎవడయినా అవతల ఇంకొక ఫోనులో అదే తాళంచెవి చేసుకొని తలుపు తీస్తే?"

ఈ భయం పిచ్చిభయం కాదు. దీనికి మంచి మాటలు చెప్పి పంపేయటం కంటె జరిగిన సంగతులు చెప్పటం న్యాయం.

2012లో అమెరికాలో కోడీ బ్రోషస్ అనే యువకుడు నిపుణుల సభలో ఒక చిన్న పరికరం చూపించాడు. దాని ఖరీదు 50 డాలర్ల లోపు. హోటళ్ళలో విరివిగా వాడుతున్న ఒకరకం కార్డు తాళానికి అడుగున ఒక చిన్న రంధ్రం ఉండేది. దానిలో ఈ పరికరం గుచ్చితే తలుపు తెరుచుకున్నది. కొద్దినెలల్లోనే హ్యూస్టన్ నగరంలో ఒక హోటలులో ఇదే ఉపాయంతో దొంగలు పడ్డారు.

2018లో ఫిన్లండు దేశపు నిపుణులు ఇద్దరు, టోమీ తువోమినెన్, టిమో హిర్వొనెన్ అనేవారు, ఇంకొక రకం తాళాల లోపం బయటపెట్టారు. ఆ హోటలు కార్డు ఏదయినా ఒకటి, చెల్లిపోయిన పాతకార్డయినా సరే, చేతికి దొరికితే, దాని ఆధారంతో హోటలు మొత్తానికి పనిచేసే మాస్టర్ తాళంచెవి తయారుచేయవచ్చునని నిరూపించారు. వాళ్ళకు ఈ పట్టుదల ఎందుకు కలిగిందో తెలుసా? 2003లో బెర్లిన్‌లో ఒక హోటలు గదిలోనుంచి వాళ్ళ స్నేహితుడి కంప్యూటరు మాయమయింది. తలుపు బద్దలుకొట్టిన గుర్తు లేదు, తాళంలో ఎవరూ వచ్చిన లెక్క లేదు. హోటలువారు ఫిర్యాదు నమ్మలేదు. గుర్తు లేకుండా తలుపు తీయటం సాధ్యమేనని చూపించటానికి ఆ మిత్రులు ఏళ్ళతరబడి పాటుపడ్డారు. కనుక్కున్నది ముందు తాళాల కంపెనీకి చెప్పి, సరిచేయటానికి తోడ్పడి, ఆ తరువాతే లోకానికి చెప్పారు.

2024 మార్చిలో మరొకటి. 131 దేశాలలో 13,000 భవనాలలో, 30 లక్షలకు పైగా తలుపులకు ఉన్న ఒకరకం తాళాలను రెండు దొంగకార్డులు వరసగా తాకించి తీయవచ్చునని ఇంకొక నిపుణుల బృందం ప్రకటించింది. ఆ సంగతి కంపెనీకి వాళ్ళు 2022లోనే తెలియజేశారు. ప్రకటించేనాటికి సరిచేసినవి నూటికి 36 మాత్రమే. తక్కినవాటి దగ్గరకు మనిషి వెళ్ళి ఒక్కొక్క తలుపే సరిచేయాలి గదా!

ఇవన్నీ కార్డు తాళాల కథలు గదా, ఫోనుకేం సంబంధం అంటారేమో. ఫోనుతో తీసే తలుపుకూ చాలాచోట్ల ఆ కార్డు తాళమే ఉంటుంది. అదే తాళం ఫోను మాటా వింటుంది, కార్డు మాటా వింటుంది. పని మనుషుల చేతుల్లోనూ, మేనేజరు చేతిలోనూ కార్డులు ఉండనే ఉంటాయి. ముందు గుమ్మానికి ఎంత గొప్ప తాళం వేసినా, దొడ్డిగుమ్మం ఎంత గట్టిదో ఇల్లు అంతే గట్టిది.

అయితే దీన్నిబట్టి పాత ఇత్తడి తాళంచెవే మేలు అనుకోవటంకూడా పొరపాటే. దానికి నకలు తీయటానికి నిపుణుల సభ అక్కరలేదు, సబ్బుబిళ్ళ చాలు. ఈ కొత్త తాళాల లోపాలు బయటపడితే దిద్దుకొనే ఉపాయమయినా ఉన్నది. పాత తాళంచెవి నకలు ఎవరి దగ్గర ఉన్నదో బయటపడే దారే లేదు.

* * *

హోటలు తాళాలన్నీ కంప్యూటరు చేతిలో పెట్టినందువల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉన్నది. 2017 జనవరిలో ఆస్ట్రియా దేశంలో కొండమీద ఒక సరస్సు ఒడ్డున ఉన్న యేగర్‌విర్ట్ అనే హోటలు కంప్యూటర్లను దొంగలు ఎక్కడో దూరాన కూర్చుని స్తంభింపజేశారు. డబ్బు కడితేగాని వదలమన్నారు. గదుల్లో అతిథులు బందీలయిపోయారని పత్రికలు ప్రపంచమంతా చాటాయి. అది నిజం కాదు. లోపలివాళ్ళు లోపలినుంచి తలుపు తీసుకుంటూనే ఉన్నారు. జరిగినదేమంటే, కొత్తగా వచ్చేవారికి కార్డులు తయారుచేసి ఇవ్వటం కుదరలేదు. హోటలు నిండిన రోజులు. యజమాని గత్యంతరం లేక సుమారు 1,500 యూరోలు విలువచేసే బిట్‌కాయిన్లు చెల్లించాడు. ఆ తరువాత ఆయన, తాత ముత్తాతలనాటి ఇనప తాళాలే మళ్ళీ పెట్టించాలనుకుంటున్నానని చెప్పాడు. చన్నీళ్ళకు కాలిన పిల్లికాదు ఆయన. వేన్నీళ్ళకే కాలినాడు.

మరొక సంగతి. ఇత్తడి తాళంచెవికి నోరు లేదు. మీరు ఎన్నిగంటలకు వచ్చారో, ఎన్నిసార్లు బయటకు వెళ్ళారో అది ఎవరికీ చెప్పదు. కార్డు తాళం వచ్చిన దగ్గరనుంచి, ఏ గంటకు ఏ కార్డుతో తలుపు తెరిచారో తాళం రాసిపెట్టుకుంటుంది. ఇది మంచిదే. గదిలో వస్తువు పోతే, ఎవరు వచ్చారో చూడవచ్చు. అమాయకుడయిన పనివాడిమీద నింద పడకుండానూ కాపాడవచ్చు. ఫోను వచ్చాక ఈ లెక్క ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆ రాత తలుపుకు గాక, మీ పేరుకూ, మీ ఫోను నెంబరుకూ, మీ చెల్లింపు ఖాతాకూ ముడిపడి ఉంటుంది.

ఆ లెక్కలు ఎంత భద్రం? 2018 నవంబరులో మారియట్ హోటళ్ళ సంస్థ ఒక ప్రకటన చేసింది. తాము కొనుక్కున్న స్టార్‌వుడ్ వారి అతిథుల వివరాలను దొంగలు 2014నుంచీ చూస్తున్నారని అందులో చెప్పారు. మొదట 50 కోట్లమంది అన్నారు. తరువాత లెక్క తేల్చి, 38 కోట్లకు పైగా నమోదుల వరకు ఉండవచ్చునన్నారు. వాటిలో రహస్యలిపిలో దాచని పాస్‌పోర్టు నెంబర్లు 50 లక్షలకు పైగా ఉన్నాయి. గది తలుపు వేసుకొని మనం నిశ్చింతగా నిద్రపోతూంటే, మన పేరు రాసుకున్న పుస్తకం గది తలుపు బార్లా తెరిచి ఉన్నదన్నమాట.

* * *

ఇంతకూ తేలినదేమిటి? సత్రం తాళం మనది, తాళంచెవి మనది. లాడ్జి తాళం వారిది, తాళంచెవి మన చేతికి ఇచ్చారు. ఇప్పుడు తాళమూ వారిదే, తాళంచెవీ వారిదే. మనకు ఇచ్చినది అనుమతి ఒక్కటే. మన ఫోనులోనే ఉన్నా, అది మన వస్తువు కాదు. ఇన్ని గంటలకు గది ఖాళీ చేయాలంటే సరిగ్గా అన్ని గంటలకు అది చచ్చిపోతుంది. తలుచుకుంటే మధ్యలో రద్దు చేయవచ్చు. ఇది తప్పని అనటం లేదు. హోటలు వారిది, గది వారిది. కాని గుత్తి ఎవరి బొడ్లో ఉన్నదో మనకు తెలిసి ఉండాలి.

కాబట్టి ప్రయాణం చేసేవారు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు, కొన్ని పట్టింపులు పెట్టుకోవటం మంచిది. ఫోను తాళంచెవి ఇచ్చినా, ఒక కార్డుకూడా ఇవ్వమని కౌంటరు దగ్గర అడగండి. మొహమాటపడకండి. ఆ కార్డు చార్జింగు లేని రాత్రి ఆదుకుంటుంది, దీపాలూ వెలిగిస్తుంది. గది నెంబరు నలుగురిలో పైకి చదవవద్దని, కాగితంమీద రాసి ఇమ్మని చెప్పండి. తాళంచెవి పంచుకోవటానికి యాప్ వీలు ఇస్తే, తోటి ప్రయాణీకులకు తప్ప ఎవరికీ పంచవద్దు. ఫోనుకు తాళం లేకుండా తిరిగే అలవాటు ఉంటే, ఊరు బయలుదేరే ముందే మానుకోండి. గదిలో దిగినవారు వెళ్ళిపోగానే ఆ యాప్ తీసివేయటానికి సంకోచించనక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, గదిలోకి వెళ్ళగానే దీపం వెలిగించి ముందు తలుపు వెనకవైపు చూడండి. అక్కడ తిప్పే గడియ ఒకటి ఉంటుంది. కొన్ని తాళాలలో అది ఆ కంప్యూటరు తాళంతోనే కలిసి ఉంటుంది. మాస్టర్ కార్డు తాకిస్తే అదీ వెనక్కి పోతుంది. 2024లో బయటపడిన లోపంలో దొంగకార్డు ఆ గడియనుకూడా తీయగలిగింది. అందుకని దానితో తృప్తిపడకండి. విడిగా ఒక గొలుసు గాని, గొళ్ళెం గాని, నిలువు గడియ గాని ఉన్నదా చూడండి. చెక్కకు మరలతో బిగించిన మామూలు ఇనపముక్క. లేకపోతే గది మార్చమని అడగండి. ఇంకొక గదిలోనూ లేకపోతే హోటలే మార్చండి. గది బాడుగలో కాఫీ చేరి ఉన్నదా అని అడిగేవాళ్ళం, గొళ్ళెం ఉన్నదా అని అడగటానికి సిగ్గెందుకు?

హోటళ్ళు కట్టేవారికీ ఒక మాట. గోడకు పెద్ద టీవీ, నేలకు తివాచీ, తలుపుకు ఫోను మాట వినే తాళం, అన్నీ పెట్టండి. బాగానే ఉంటాయి. వాటి పక్కనే ఒక గొళ్ళెంకూడా బిగించండి. దానికి బ్యాటరీ అక్కరలేదు. నిపుణులు వచ్చి సరిచేయనక్కరలేదు. దూరాన కూర్చున్న దొంగకు అది కనిపించదు. ఎవరు ఎప్పుడు వేశారో అది రాసిపెట్టుకోదు. లోపల ఉన్న మనిషి వేస్తే పడుతుంది, లోపల ఉన్న మనిషి తీస్తేనే వస్తుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని రూపాలు మారిన తాళంచెవులలో, రెండోది లేనిది అదొక్కటే.